మత్తడి లేని సరస్సు

నిరుడు మే నెలాఖరున ఒక ఆదివారం మా బాపును తీసుకుని శామీర్‌పేట దిక్కు ఒక వెంచర్ చూడటానికి వెళ్ళాను. మేడ్చల్ దగ్గర హైవే దిగి, అవుటర్ పక్కన సర్వీసు రోడ్డు పట్టుకుని పోతుంటే దారి పొడుగునా హోర్డింగులు. సగం హోర్డింగుల్లో నీళ్ళున్నాయి. నీళ్ళ మీద సూర్యాస్తమయం, గట్టున యోగా చేస్తున్న ఒక జంట. రోడ్డు మీద మాత్రం మా ముందూ వెనకా నీళ్ళ ట్యాంకర్లు.

సైట్ ఆఫీసులో మా చేతిలో పెట్టిన బ్రోషర్ మందంగా, నున్నగా, పెళ్ళి శుభలేఖ కన్నా ఖరీదుగా ఉంది. లేక్ వ్యూ, లేక్ ఫ్రంట్, లేక్ సైడ్ లివింగ్, లేక్ బ్రీజ్... ఆ మాట లేని పేజీ లేదు. చెరువు అనే మాట ఒక్కచోటా లేదు. ఆ పూట నాకది తప్పుగా ఏమీ అనిపించలేదు. ఇంగ్లీషు బ్రోషర్‌లో ఇంగ్లీషు మాట ఉంటే వింతేముంది?

బయటికొచ్చి చూస్తే చెరువు ముప్పాతిక వంతు ఎండి ఉంది. నడిమధ్యన కాసిన్ని నీళ్ళు, అందులో బర్రెలు. చుట్టూ నెర్రెలిచ్చిన నల్లటి ఒండ్రు, ఒక మూలన ఎవరో పెట్టుకున్న దోస పాదులు. సేల్స్ కుర్రాడు నొచ్చుకున్నాడు. "సమ్మర్ కదా సార్, వాటర్ తగ్గింది. రెయినీ సీజన్‌ల ఫుల్ లేక్ ఉంటది," అన్నాడు. అతనెందుకు నొచ్చుకుంటున్నాడో మా బాపుకు అర్థం కాలేదు. ఆయన సిద్దిపేట దగ్గర ఒక చెరువు కింద ఎకరంన్నర మడి చేసిన మనిషి. ఎండకాలం ఎండని చెరువును ఆయన చూసి ఉండడు. కాసేపు అటూ ఇటూ పారజూసి, "దీని మత్తడి ఏడున్నది బిడ్డా?" అనడిగాడు.

కుర్రాడు నా వైపు చూశాడు. నేను బ్రోషర్ వైపు చూశాను. అందులో మత్తడి లేదు. తూము లేదు. కట్ట ఉంది గానీ దాని పేరు జాగింగ్ ట్రాక్.

తెలంగాణ మాట తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు కట్ట మీదుగా పొర్లి కట్టను తెంపకుండా, ఒక పక్కన తగిన ఎత్తులో రాతితో కట్టిన చోటు నుంచి బయటికి పోతాయి. ఆ చోటే మత్తడి. కోస్తాలో అలుగు అంటారు, రాయలసీమలో మరువ అంటారు. ఒకే వస్తువుకు మూడు ప్రాంతాల్లో మూడు పేర్లున్నాయంటే ఆ వస్తువు లేకుండా మూడు చోట్లా పూట గడిచేది కాదని అర్థం. లేక్‌కు మాత్రం అలాంటిదేమీ ఉండదు. బ్రోషర్ రాసినవాళ్ళు మత్తడిని దాచారని నేననను. వాళ్ళు వాడిన మాటలోనే దానికి చోటు లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే. చెరువును లేక్ అనటం, ఆ లేక్‌ను మళ్ళీ తెలుగులోకి తెచ్చి సరస్సు అనటం వట్టి మాటల మార్పిడి కాదు. ఆ రెండు మజిలీల్లో చెరువులోంచి నీళ్ళు తప్ప మిగతావన్నీ జారిపోతాయి. అనువాదాలు చదివే అలవాటున్నవాడిగా నాకు ముందు అనువాదమే గుర్తుకొచ్చింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నా మిత్రుడొకడు రాసిన కథను రెండేళ్ళ కింద సరదాకొద్దీ ఇంగ్లీషులోకి చేశాను. కథ మొదటి పేరాలో చెరువు ఎండి ఉంటుంది, మేకలు అడ్డం పడి అవతలి గట్టుకు పోతుంటాయి. ఆఖరి పేరాలో చెరువు నిండి ఉంటుంది, బతుకమ్మలు వేసి ఆడవాళ్ళు కట్ట దిగుతుంటారు. ఈ రెండింటి మధ్యా ఒక ఇంట్లో జరిగే గొడవ కథ. చెరువు అన్న ప్రతిచోటా నేను లేక్ అని రాశాను. డాలస్‌లో పుట్టి పెరిగిన మా అక్క కూతురికి పంపితే చదివి, ఫోన్ చేసి, ఒక ప్రశ్న వేసింది. "మామా, ఫస్ట్ పేజీలోనే లేక్ మొత్తం ఎండిపోయింది కదా, ఊళ్ళో ఎవరూ ఎందుకు కంగారు పడట్లేదు?" ఆ పిల్ల దాన్ని వాతావరణ విపత్తు కథగా చదువుకుంది. చివర్లో నీళ్ళు రావటం ఆమెకు మంత్రం వేసినట్టు అనిపించిందట.

తప్పు ఆ పిల్లది కాదు. ఇంగ్లీషులో లేక్ ఎండటం ఒక వార్త. తెలుగులో చెరువు ఎండిందంటే మే నెల వచ్చిందని. అదే చెరువు నిండిందంటే అది వార్త, పండగ, అప్పు తీరే ఆశ, పెళ్ళి పెట్టుకోవచ్చన్న ధైర్యం. లేక్ నిండిందంటే ఇంగ్లీషు పాఠకుడికి అందులో కొత్త సంగతేమీ లేదు. నిండి ఉండటమే కదా దాని పని. అంటే నేను మాటను సరిగ్గానే మార్చాను, కథలో ఏది మామూలో ఏది విశేషమో మాత్రం తలకిందులైంది.

ఒక మాట అర్థం తెలియాలంటే నిఘంటువు కన్నా ముందు దాని పక్కన కూర్చునే క్రియల్ని చూడాలని ఈ అనుభవంతో నాకు తోచింది. చెరువు నిండుతుంది, ఎండుతుంది, తెగుతుంది. చెరువుకు గండి పడుతుంది, పూడిక పడుతుంది. మత్తడి దుంకుతుంది, అలుగు పారుతుంది. తూము లేపుతారు, కట్ట పోస్తారు. చెరువు మీద అలిగి నీళ్ళు ముట్టని మనిషి సామెత మనందరికీ తెలుసు, పూర్తిగా రాయటం బాగుండదు. నిండిన చెరువులోకి పిలవకుండానే చేరే కప్పల్ని సుమతీ శతకంలో చదువుకున్నాం. ఇప్పుడు సరస్సు పక్కన ఇలాంటి క్రియ ఒకటి పెట్టి చూడండి. 'సరస్సు తెగింది' అనగలమా? సరస్సుకు తెలుగులో దాదాపు ఒకటే క్రియ: ఉండటం. 'ఫలానా జిల్లాలో ఫలానా సరస్సు కలదు.' అది పాఠ్యపుస్తకంలో పుట్టి, పాఠ్యపుస్తకంలోనే పెరిగిన మాట.

సంస్కృతపు మాట కాబట్టి తప్పు అనటం లేదు. పోతన గజేంద్రుణ్ణి దింపింది సరసిలోకి. అక్కడ ఆ మాటే సరైనది. త్రికూట పర్వతం మీది ఆ జలాశయాన్ని ఏ రైతూ తవ్వుకోలేదు, దాని కింద ఎవరికీ మడి లేదు. అక్కడ చెరువు అని ఉంటే ఏనుగు వెనకాల పొలంవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళు. కృష్ణుడు కాళీయుడి పడగల మీద ఆడింది మడుగులో, దుర్యోధనుడు చివరికి దాక్కున్నదీ మడుగులోనే. ఏటి పాయలో లోతుగా, నల్లగా, అడుగు కనపడకుండా ఉండేది మడుగు. గుడి ముందు మెట్లు కట్టి ఉండేది కోనేరు. తామరలతో వర్ణనకు పనికొచ్చేది కొలను. చెరువంత స్తోమత లేక, చిన్న కట్టతో నాలుగు మడులు పారించేది కుంట. ఇక గొప్ప చెప్పుకోవాలనిపించినప్పుడు మనవాళ్ళు చెరువును సరస్సు అనలేదు, ఏకంగా సముద్రం అన్నారు. బుక్కరాయసముద్రం, కేసముద్రం, హుస్సేన్ సాగర్. ఎటూ అబద్ధమే అయినప్పుడు చిన్న అబద్ధం ఎందుకు అనుకున్నారేమో.

నిజంగా సరస్సు అనదగ్గది మన దగ్గర కొల్లేరు. ఎవరూ కట్టలేదు, తనంతట తాను ఏర్పడింది. విచిత్రమేమంటే దాన్ని ఆ చుట్టుపక్కలవాళ్ళు సరస్సు అనరు, కొల్లేరు అనే అంటారు. అక్కినేని కుటుంబరావు నవల పేరు 'కొల్లేటి జాడలు'. వసంత్ కన్నబిరాన్ ఇంగ్లీషు అనువాదానికి వచ్చేసరికి ఆ పేరు 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' అయింది. పేరు బాగుంది, ఇంగ్లీషు పుస్తకంగా నిలబడుతుంది. కానీ రెండు పేర్లనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. తెలుగు పేరు అది సరస్సని చెప్పలేదు, చచ్చిపోయిందనీ చెప్పలేదు. జాడలు అంది, అంతే. జాడ అంటే పోయినదాని గుర్తూ అవుతుంది, వెతుక్కుంటూ పోవటానికి దారీ అవుతుంది. ఇంగ్లీషు పేరు కొల్లేరును ముందు ఒక జాతికి చెందిన వస్తువుగా పరిచయం చేసి, ఆ వెంటనే మరణవార్త చెప్పాల్సి వచ్చింది. కొల్లేరు లేక్ కాబట్టి అక్కడ తప్పేమీ జరగలేదు. శామీర్‌పేట పెద్ద చెరువును అదే మాటతో పిలిచినప్పుడే పేచీ.

ఇంగ్లీషుకు ఈ తేడాలు తెలియవనుకోకూడదు. వర్డ్స్‌వర్త్ బతికిన లేక్ డిస్ట్రిక్ట్‌లో పేరులో లేక్ అని ఉన్నది ఒక్క బాసెన్‌త్వెయిట్ మాత్రమేనని అక్కడివాళ్ళు సరదాగా చెప్తుంటారు. మిగతావి విండర్‌మియర్, గ్రాస్‌మియర్ లాంటి మియర్‌లు, అల్స్‌వాటర్ లాంటి వాటర్‌లు, కొండల మీద చిన్నవైతే టార్న్‌లు. అమెరికాలో థోరో 1845లో గుడిసె వేసుకున్న వాల్డెన్ సుమారు అరవై ఎకరాలు, వంద అడుగుల పైచిలుకు లోతు. అయినా దాని పేరు పాండ్. మసాచుసెట్స్‌లో అది అలాగే చెల్లుతుంది. మన దగ్గర ఆ సైజున్న నీళ్ళ పక్కన అపార్ట్‌మెంట్లు కడితే పాండ్ వ్యూ అని అమ్మే ధైర్యం ఎవరికుంది?

ఆ ఇంగ్లీషువాళ్ళే ఇక్కడికొచ్చి మన చెరువుల్ని చూసినప్పుడు లేక్ అనలేదు. ట్యాంక్ అన్నారు. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాట మీద పెద్ద చర్చే ఉంది. గుజరాతీ, మరాఠీ వైపు నీళ్ళ తొట్టిని పిలిచే మాట నుంచి వచ్చిందా, పోర్చుగీసు నుంచా అని. ఎక్కడి నుంచి వచ్చినా ఆ మాటలో ఒక నిజాయితీ ఉంది. దీన్ని ఎవరో కట్టారు, ఒక పని కోసం కట్టారు అన్నది అందులో ఉంది. రెవెన్యూ వసూలు చేసుకునేవాళ్ళు కాబట్టి వాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. హైదరాబాదులో ఆ మాట ఇంకా అక్కడక్కడా మిగిలింది. మీర్ ఆలం ట్యాంక్ ఉంది. మా సాహెబా తలాబ్ కాస్తా మాసబ్ ట్యాంక్ అయింది, ఇప్పుడు అక్కడ పేరే ఉంది గానీ నీళ్ళు లేవు. హుస్సేన్ సాగర్ కట్ట మీది రోడ్డు ట్యాంక్‌బండ్, ఆ రోడ్డును ఆనుకుని ఉన్న నీళ్ళు మాత్రం లేక్. ఒకే చోట నిలబడి ఎడమ పక్క ఒక మాట, కాలి కింద ఒక మాట.

మరి నా అనువాదంలో ట్యాంక్ అని రాయొచ్చుగా? రాసి చూశాను. శ్రీలంక ఇంగ్లీషులో ఈనాటికీ ఆ మాట బతికే ఉంది, వాళ్ళకు చెల్లుతుంది. మనకు మాత్రం ట్యాంక్ అంటే డాబా మీది నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము. బతుకమ్మలు అందులో వేసినట్టు ఉంటుంది. రిజర్వాయర్ అంటే జలమండలి బోర్డు కనపడుతుంది. పాండ్ అంటే బాతులు తప్ప ఇంకెవరూ దిగరు. సరిగ్గా సరిపోయే మాట చచ్చిపోయింది, బతికున్న మాట సరిపోదు. అనువాదకులు ఇలాంటి చోట లేక్ వైపు మొగ్గుతారు, ఎందుకు మొగ్గుతారో నాకు తెలుసు. అది అందమైన మాట. ఒక అందమైన మాటతో వాక్యం నడిచిపోతుంటే ఎవరికి ఆపబుద్ధవుతుంది?

చెరువంటే ఏమిటో ఒక నిర్వచనం కావాలంటే నేను పోరుమామిళ్ళ శాసనం వైపు చూస్తాను. కడప జిల్లాలోని ఆ చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించి, శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. సంస్కృతంలో ఉన్న ఆ శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, ఆరు దోషాలు చెప్తుంది. అంగాల్లో నీళ్ళు ఒక అంశం మాత్రమే. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి నేల, రాయి దొరికే గని, పని వచ్చిన మనుషుల గుంపు, పక్కన పండే పొలాలు, అన్నీ చెరువులో భాగాలే. దోషాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. కట్ట నుంచి నీళ్ళు ఊరటం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో పడటం, నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం. చివరి రెండూ చూడండి. నీళ్ళు తక్కువై కింద భూమి ఎక్కువ కావటం ఒక దోషం, నీళ్ళు ఎక్కువై భూమి తక్కువ కావటం ఇంకో దోషం. అంటే నీళ్ళు ఎంత నిండుగా ఉన్నా కింద తగినంత పొలం లేకపోతే అది లోపమున్న చెరువే. బ్రోషర్ భాషలో అది ప్రీమియం లేక్.

నేను రోజూ చేసే పని భాషలో చెప్పాలంటే లేక్ ఒక డేటా, చెరువు ఒక సిస్టమ్. ఎక్కడి నుంచి వస్తుంది, ఎంత పడుతుంది, ఎవరికి పోతుంది, ఎక్కువైతే ఏం చేయాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. పై చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువులోకి పోతాయి, దానివి ఇంకో కింది చెరువులోకి. గొలుసుకట్టు అన్నది అందుకే. ఓవర్‌ఫ్లో సంగతి చూడని కోడ్‌ను మా ఆఫీసులో ఎవరూ ప్రొడక్షన్‌లోకి పంపరు. పంపితే ఎవరి వీకెండ్ పోతుందో అందరికీ తెలుసు.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డుప్రశ్న వేసుకోవాలి. కొంపల్లిలోనో, మేడ్చల్ రోడ్డు పొడుగునో ఇప్పుడు ఆయకట్టు ఎక్కడుంది? నాటు వేసేవాళ్ళు లేరు, నీరటికాడు లేడు, తూము తుప్పు పట్టింది. పొలం పోయాక మిగిలింది నీళ్ళే కదా, దాన్ని లేక్ అంటే తప్పేంటి? మాట మారటం కాదు, వస్తువే మారింది అనొచ్చు. ఇది తేలిగ్గా తీసేయాల్సిన వాదన కాదు. లేక్ అనే మాట వల్ల మేలు కూడా జరిగింది. చెరువంటే మురికి, దోమలు అనుకునే కాలనీవాసులే లేక్ అనగానే ఆదివారం పొద్దున చీపుర్లు పట్టుకుని వచ్చారు. ఆ మాటకున్న మెరుపు కొన్ని నీళ్ళనైనా కాపాడింది. మేం చెరువు అని పిలిచిన రోజుల్లోనే అందులోకి డ్రైనేజీ వదిలాం, అది కూడా గుర్తుంచుకోవాలి.

కానీ పొలం పోయినంత మాత్రాన క్రియలు పోలేదు. కొంపల్లి దగ్గరి ఫాక్స్ సాగర్ సంగతి తీసుకోండి. దాని ఇంటిపేరు జీడిమెట్ల చెరువు. 2020 అక్టోబరు వానలకు అది నిండి, పక్క కాలనీల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. టీవీల్లో అందరూ లేక్ కాలనీలోకి వచ్చింది అన్నారు. మా బాపు ఆ వార్త చూస్తూ, "చెరువు కాలనీలకు రాలే, కాలనీ చెర్లకు పోయింది," అన్నాడు. ఇలాంటి మాటలు ఆ వారం చాలామంది ముసలివాళ్ళ నోట విని ఉంటారు. ఆయకట్టు లేకపోవచ్చు, మత్తడి దుంకటం మాత్రం ఆగదు. దుంకటానికి చోటు లేకపోతే ఇంట్లోకి దుంకుతుంది.

లేక్ అంటే ఒక అంచు ఉంటుంది, ఆ అంచు ఇవాళ ఉన్నచోటే రేపూ ఉంటుందని మన మనసులో ఒక బొమ్మ. చెరువుకు అంచు నెలనెలా మారుతుంది. నీళ్ళు వెనక్కి పోయిన మేర బయటపడే నేలకు మన రెవెన్యూ లెక్కల్లో ఒక పేరుంది, శిఖం. అది పట్టా శిఖమైనా సరే, నీళ్ళు పోయాక దున్నుకోవచ్చు, నీళ్ళొస్తే గట్టెక్కాలి. ఏడాదిలో కొన్ని నెలలు పొలం, కొన్ని నెలలు చెరువు. ఈ రెండో బతుకు లేక్ అనే మాటలో లేదు. అందుకే లేక్ అన్నాక ఎండిన నేల ఖాళీ జాగా అయిపోతుంది. ఖాళీ జాగా చూస్తే హైదరాబాదులో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

2024 జులైలో హైడ్రా వచ్చాక ఊరందరి నోటా ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు నానాయి. మా ఆఫీసు క్యాంటీన్‌లో కూడా అవే. ఎఫ్‌టీఎల్‌లో టీ అంటే ఏమిటో మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు. ఫుల్ ట్యాంక్ లెవెల్. బ్రోషర్లు లేక్ అన్నా, బోర్డులు లేక్ అన్నా, గీత గీయాల్సి వచ్చేసరికి ఆ పాత, అందవికారపు ట్యాంకే గతి అయింది. 2012 నాటి 168 నంబరు జీవోలో ఈ బఫర్ లెక్కలున్నాయి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్నవాటికి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు. ఆ జీవో నాకు నచ్చటానికి కారణం మీటర్లు కాదు. లేకులు, ట్యాంకులు, కుంటలు, శిఖం భూములు అని గీత గీతకూ ఏటవాలు గీతలు పెట్టుకుంటూ అన్ని మాటల్నీ వరసగా రాసుకుంటూ పోతుంది. ఒక్క మాట వదిలేసినా ఆ సందులోంచి ఎవరో ఒకరు దూరతారని తెలిసినవాళ్ళ వచనం అది. ఈ మధ్య నేను చదివిన అనువాదాల్లో అంత జాగ్రత్త తక్కువ చూశాను.

ఇంతకీ ఫుల్ ట్యాంక్ లెవెల్ ఎక్కడ? మామూలు చెరువుకు మత్తడి పైఅంచు ఎత్తు ఎంతో అంత. నీళ్ళు ఆ ఎత్తు దాకా నిలిస్తే ఎంత మేర పరుచుకుంటాయో అదే గీత. అంటే ఆ ఆదివారం ఎండిన చెరువు ముందు నిలబడి మా బాపు అడిగిన ప్రశ్న ఊరిమీద బెంగతో అడిగింది కాదు. ఆ చోటు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న. ఎంబీఏ చేసిన ఆ కుర్రాడికీ, బీటెక్ చేసిన నాకూ ఆ మాటే అర్థం కాలేదు. నాకు అర్థం తెలుసు, అవసరం తెలియలేదు.

పాత మాటలు పోతున్నాయని బాధపడే పుస్తకాలు ఈ మధ్య ఇంగ్లీషులో బాగానే వస్తున్నాయి. రాబర్ట్ మాక్‌ఫర్లేన్ 'లాండ్‌మార్క్స్' వాటిలో పేరున్నది, అందంగా ఉంటుంది. కానీ అందులో మాటల్ని ఏరుకుని దాచుకునే ధోరణి నాకు కాస్త అడ్డం వచ్చింది. అనుపమ్ మిశ్ర హిందీలో 1993లో రాసిన 'ఆజ్ భీ ఖరే హై తాలాబ్' వేరు. అందులో ప్రతి మాటా ఒక భాగానికి పేరు, ప్రతి భాగానికీ ఒక పని. చదివాక చెరువు కట్టొచ్చేమో అనిపిస్తుంది. మనకూ అలాంటి ఆధారం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో సాహిత్య అకాడమీ 1962లో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. అనువాదకులు, కథకులు దాన్ని తెరవాలి. అపార్ట్‌మెంటు కొనేవాళ్ళు తెరిచినా నష్టం లేదు. 2015లో చెరువుల పూడికతీతకు 'మన ఊరు మన చెరువు' అని పేరు పెట్టినప్పుడు ఆ మాటకు ఎవరూ అర్థం అడగలేదు. ఆ మాట ఇంకా చావలేదు, బ్రోషర్‌లోకి రానివ్వటం లేదు, అంతే.

ఆ ప్లాటు నేను కొనలేదు. ఇది బుద్ధిమంతుడి కథేమీ కాదు. మ్యాప్ తీసి చూస్తే మేం చూసిన ప్లాటు గీతకు బయటే ఉంది. కాగితాల్లో దోషం నాకు కనపడలేదు. "మత్తడి కాలువ ఎటువోతదో సూపెట్టమను, అప్పుడు కొను," అని మా బాపు ఒకటే పట్టు పట్టాడు. ఎవరూ చూపెట్టలేదు. నాకు కోపం వచ్చింది, ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఆ తర్వాత అక్కడ గజం రేటు పెరిగింది. మా ఆవిడ ఆ సంగతి నెలకొకసారైనా గుర్తు చేస్తుంది.

సెప్టెంబరులో పెద్ద వానలు పడ్డ వారం, తుర్కపల్లి వైపు పనుండి వెళ్ళి, వచ్చేటప్పుడు అటు తిప్పాను. చెరువు నిండింది. బ్రోషర్ అట్ట మీద ఉన్నంత అందంగానూ ఉంది, ఒప్పుకోవాలి. మత్తడి వెతుక్కుంటూ కట్ట కొస దాకా నడిస్తే ప్రహరీ గోడ అవతల దొరికింది. నాచు పట్టిన రాళ్ళ వరస, దాని మీంచి పలచగా, చప్పుడు చేస్తూ నీళ్ళు. కింద కాలువ ఉండాల్సిన చోట ఫేజ్ టూ అని కొత్త బోర్డు, ఎర్రమట్టి రోడ్డు. నీళ్ళు ఆ రోడ్డు పట్టుకునే పోతున్నాయి.

బాపుకు ఫోన్ చేశాను. "దుంకుతున్నదా?" అన్నాడు. దుంకుతున్నది అన్నాను. ఇంకేమీ అడగలేదు.

కథ అనువాదం మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. లేక్‌లన్నీ కొట్టేసి చెరువు అనే మాటను అలాగే ఉంచాను. మొదటి పేరాలో అది ఎండి ఉన్నప్పుడు ఊళ్ళో ఎవరూ దాని వైపు చూడరని ఒక చిన్న వాక్యం మిత్రుడి అనుమతితో చేర్చాను. మా అక్క కూతురు చదివి ఈసారి కంగారు పడలేదు. చివరి పేరాలో ఆడవాళ్ళు కట్ట దిగేటప్పుడు దూరంగా మత్తడి దుంకుతున్న చప్పుడు వినపడుతుంది. దుంకటానికి మాత్రం ఇంకా మాట దొరకలేదు. పొర్లటం, కారటం, పడటం అన్నీ పెట్టి చూశాను. ఆ వాక్యం దగ్గర ఖాళీ వదిలి ఉంచాను.